చిన్న పరిశ్రమ పెట్టేవారికి: ఉద్యమ్, సబ్సిడీ, అప్పు, రావలసిన బాకీల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జిల్లా పరిశ్రమల కేంద్రంలోనైనా, బ్యాంకులోనైనా, ఆడిటరు దగ్గరైనా చిన్న వ్యాపారులు అడిగే అనుమానాలు చాలావరకు ఒకటే. జవాబులు మాత్రం మనిషికొకటి వినిపిస్తాయి. సగం తెలిసి చేసిన దరఖాస్తు వెనక్కి వస్తుంది, తేదీ వేయని బిల్లు కోర్టు దాకా వెళ్లి వీగిపోతుంది. అందుకే ఈ ప్రశ్నలను వ్యాపారం నడిచే దశల ప్రకారం ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది. నిబంధనలు ఎక్కువగా కేంద్ర ప్రభుత్వానివి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య తేడా ఉన్నచోట అదీ చెప్పాం.

## మొదలుపెట్టే ముందు

ముందు ఏ కాగితం తీసుకోవాలి? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

వరుస ఇలా పెట్టుకుంటే తిరుగుడు తగ్గుతుంది. ముందు పాన్, ఆధార్‌లలో పేరు అక్షరం తేడా లేకుండా సరిచేయించుకోండి, ఆధార్‌కు మీ ఫోన్ నంబరు కలపండి. తరవాత వ్యాపారం పేరు మీద కరెంటు ఖాతా తెరవండి. స్థలం సొంతమైతే పన్ను రసీదు, అద్దెదైతే అద్దె ఒప్పందం సిద్ధం చేసుకోండి. ఆపైన ఉద్యమ్ నమోదు (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థగా, అంటే ఎంఎస్ఎంఈగా, కేంద్రం దగ్గర చేసుకునే నమోదు), అవసరమైతే జీఎస్టీ, ఆ తరవాత మీ సరుకును బట్టి ప్రత్యేక అనుమతులు: తినే వస్తువులకు ఎఫ్ఎస్ఎస్ఏఐ, తూకం వేసి ప్యాక్ చేసేవాటికి తూనికలు కొలతల శాఖ నమోదు, పొగ, మురుగునీరు వచ్చే యూనిట్లకు కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి. యంత్రాలు కొన్నాక కాలుష్య మండలి దగ్గరికి వెళ్లేవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడతారు. స్థాపనకు సమ్మతి నిర్మాణానికి ముందే కావాలి, నడపడానికి సమ్మతి ఉత్పత్తికి ముందు కావాలి. ఆ రెండూ వేరు వేరు. ఆంధ్రలో సింగిల్ డెస్క్ పోర్టల్, తెలంగాణలో 2014 చట్టంతో వచ్చిన టీజీ ఐపాస్ ద్వారా ఈ అనుమతులకు ఒకేచోట దరఖాస్తు పెట్టవచ్చు.

జీఎస్టీ లేకుండా మొదలుపెట్టవచ్చా?

సరుకు అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది టర్నోవరు 40 లక్షలు దాటేవరకు నమోదు తప్పనిసరి కాదు. తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలే. సేవలకు రెండు రాష్ట్రాల్లోనూ 20 లక్షలు. ఖమ్మంలో ఉన్నవారు విజయవాడలో ఉన్న చుట్టాన్ని చూసి 40 లక్షలనుకుని కూర్చుంటే నోటీసు వస్తుంది. పక్క రాష్ట్రానికి సరుకు పంపితే, కొన్ని చేనేత, హస్తకళా వస్తువులను మినహాయిస్తే, టర్నోవరు ఎంతైనా నమోదు కావాలి. పెద్ద కంపెనీలకు అమ్మాలనుకుంటే పరిమితి లోపల ఉన్నా తీసుకోవడమే మేలు. వాళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్న సరుకుపై కట్టిన జీఎస్టీని తమ పన్నులో తగ్గించుకునే వీలు) రాకపోతే మీ దగ్గర కొనరు.

ప్రాజెక్టు రిపోర్టు ఇంటర్‌నెట్‌లో దొరికినదే పెట్టేస్తే కుదరదా?

కుదరదు. బ్యాంకు అధికారి దాన్ని రెండో పేజీలోనే పట్టేస్తారు. సాధారణంగా రిపోర్టు నాలుగు చోట్ల దెబ్బతింటుంది. మొదటి నెల నుంచే నూరు శాతం ఉత్పత్తి చూపిస్తారు. మొదటి ఏడాది 50 నుంచి 60 శాతం చూపితే నమ్మకంగా ఉంటుంది. యంత్రం కొటేషన్ జీఎస్టీ లేని డీలరుది పెడతారు. కరెంటు లోడు లెక్క ఉండదు. 10 హార్స్‌పవర్ మోటారుకు త్రీఫేజ్ లైను, దాని డిపాజిట్టు ఖర్చు రాయకపోతే డబ్బు మధ్యలో అయిపోతుంది. అన్నిటికన్నా పెద్దది, ముడిసరుకుకూ ఉద్దెరకూ పట్టే వర్కింగ్ క్యాపిటల్ రాయరు. సరుకు ఇచ్చాక డబ్బు 60 రోజులకు వచ్చే వ్యాపారమైతే కనీసం రెండు నెలల ముడిసరుకు, జీతాలు, కరెంటు బిల్లు చేతిలో ఉండాలి. కిస్తులు కట్టడానికి మిగిలే సొమ్ము కిస్తుల మొత్తానికి సగటున ఒకటిన్నర రెట్లయినా ఉందా అని బ్యాంకు చూస్తుంది. దరఖాస్తుకు ముందే మీ క్రెడిట్ రిపోర్టు తెప్పించుకోండి. ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒకటి ఉచితంగా ఇవ్వాలి. ఎప్పుడో తీర్చేసిన ఫోను కిస్తీ ఇంకా బాకీగానే కనిపించడం మామూలు. దాన్ని సరిచేయించడానికి వారాలు పడుతుంది.

## ఉద్యమ్ నమోదు

ఉద్యమ్ నమోదుకు 2,500 అడుగుతున్నారు. నిజంగా ఫీజు ఉందా?

ఒక్క రూపాయి కూడా లేదు. 2020 జులై 1 నుంచి నడుస్తున్న ప్రభుత్వ పోర్టల్ ఒక్కటే, దాని చిరునామా చివర తప్పకుండా డాట్ జీఓవీ డాట్ ఇన్ అని ఉంటుంది. అదే రంగులు, అదే బొమ్మలతో ఉండే ప్రైవేటు సైట్లు వెతుకులాటలో పైన కనిపిస్తాయి. వాళ్లు మీ వివరాలు తీసుకుని అదే ఉచిత ఫారం నింపి డబ్బు వసూలు చేస్తారు. సొంతంగా చేసుకుంటే అరగంట పని. కావలసినవి: ఆధార్, దానికి కలిపిన ఫోన్, పాన్, ఉంటే జీఎస్టీ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు, పనివాళ్ల సంఖ్య, మీరు చేసే పనికి సరిపడే ఎన్ఐసీ కోడ్ (పని రకాన్ని తెలిపే సంఖ్య). యంత్రాల విలువ, టర్నోవరు ఆదాయపు పన్ను, జీఎస్టీ రికార్డుల నుంచి దానంతటదే వస్తాయి. కొత్త యూనిట్ మాత్రం మొదటి రిటర్ను వేసేదాకా సొంతంగా ప్రకటించాలి. సర్టిఫికెట్‌కు గడువు లేదు. రెన్యూవల్ పేరుతో వచ్చే ఫోన్లకు జవాబివ్వకండి.

మా యంత్రాలు 90 లక్షలవి, టర్నోవరు మాత్రం 11 కోట్లు. మేం సూక్ష్మమా, చిన్నా?

చిన్న సంస్థ. 2025 ఏప్రిల్ 1 నుంచి పరిమితులు ఇవి: సూక్ష్మ సంస్థకు యంత్రాలు రెండున్నర కోట్లు, టర్నోవరు 10 కోట్లు; చిన్నదానికి 25 కోట్లు, 100 కోట్లు; మధ్యతరహాకు 125 కోట్లు, 500 కోట్లు. రెండింటిలో ఏ ఒక్కటి దాటినా పై తరగతికి వెళతారు. కిందికి రావాలంటే రెండూ తగ్గాలి. లెక్కలో భూమి, భవనం, ఫర్నిచరు చేరవు. యంత్రాల విలువ తరుగుదల తీసేశాక రిటర్నులో మిగిలిన విలువ. ఎగుమతుల టర్నోవరు కూడా మినహాయిస్తారు, కాబట్టి గుంటూరు నుంచి మిర్చి పొడి విదేశాలకు పంపే యూనిట్ పెద్ద టర్నోవరుతోనూ సూక్ష్మ సంస్థగా ఉండగలదు. ఎదిగి పై తరగతికి వెళ్లినా, పన్నుకు సంబంధం లేని ప్రయోజనాలు మూడేళ్ల పాటు పాత తరగతిలోవే కొనసాగుతాయి. ఆ భయంతో బిల్లులు దాచుకోవద్దు.

మాది కిరాణా హోల్‌సేల్. ఉద్యమ్ వచ్చింది, మరి చిన్న సంస్థల బాకీ వివాదాలు వినే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో కేసు వేయవచ్చా?

వేయలేరనే అనుకోండి. 2021 జులైలో రిటైల్, హోల్‌సేల్ వ్యాపారులను ఉద్యమ్‌లోకి తిరిగి చేర్చినప్పుడు, ఆ ప్రయోజనం బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాలకే (కొన్ని రంగాలకు బ్యాంకులు తప్పక ఇవ్వాల్సిన అప్పులకే) పరిమితమని కేంద్రం స్పష్టంగా రాసింది. సరుకు డబ్బు 45 రోజుల్లో రాబట్టుకునే హక్కు, ప్రభుత్వ కొనుగోళ్లలో కోటా తయారీదారులకూ సేవలందించేవారికీ మాత్రమే. ఇక్కడే చాలామంది తయారీదారులు చేజేతులా నష్టపోతున్నారు: పప్పు మిల్లు ఉండి, నమోదులో 'హోల్‌సేల్ వ్యాపారం' కోడ్ ఒక్కటే పెడతారు. మీరు నిజంగా తయారుచేస్తుంటే తయారీ కోడ్‌ను ఈ రోజే చేర్చండి. ఒక నమోదులో ఎన్ని పనులైనా, ఎన్ని యూనిట్లయినా చేర్చవచ్చు. ఒకే సంస్థకు రెండు ఉద్యమ్ నంబర్లు మాత్రం కుదరవు.

రోడ్డు పక్క టిఫిన్ బండి మాది. పాన్ లేదు, జీఎస్టీ లేదు. మాకేమీ లేదా?

ఉంది. అలాంటి సూక్ష్మ వ్యాపారాల కోసం 2023 జనవరిలో ఉద్యమ్ అసిస్ట్ ప్లాట్‌ఫాం వచ్చింది. మీరు ఖాతా ఉన్న బ్యాంకు లేదా అప్పు తీసుకున్న సూక్ష్మ రుణ సంస్థ ద్వారా నమోదు జరుగుతుంది. ఆ సర్టిఫికెట్‌తో ప్రాధాన్య రంగ రుణానికి సూక్ష్మ సంస్థగా లెక్కలోకి వస్తారు. పాన్ తీసుకున్నాక అసలు ఉద్యమ్‌కు మారండి.

## అప్పు, సబ్సిడీ

కొత్త యూనిట్లకు అప్పుతో పాటు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీలో 35 శాతం సబ్సిడీ అంటున్నారు. ఆ డబ్బు చేతికి ఎప్పుడు వస్తుంది?

చేతికి రాదు, ఎప్పటికీ. ఈ ఒక్క విషయం ముందే తెలిస్తే సగం తగాదాలు తప్పుతాయి. లెక్క చూడండి. పల్లెలో ఒక మహిళ 10 లక్షలతో చిరుధాన్యాల మిల్లు పెడుతున్నారనుకుందాం. ఆమె వాటా 5 శాతం, అంటే 50 వేలు. బ్యాంకు 9 లక్షల 50 వేలు మంజూరు చేస్తుంది. సబ్సిడీ 3 లక్షల 50 వేలు బ్యాంకుకే వస్తుంది, మూడేళ్లు ఆమె పేరిట డిపాజిట్‌గా ఉంటుంది. దాని మీద వడ్డీ రాదు, అప్పులో అంత భాగం మీద బ్యాంకు కూడా వడ్డీ వేయకూడదు. మూడేళ్ల తరవాత తనిఖీలో యూనిట్ నడుస్తున్నట్టు తేలితే అప్పుకు జమ చేస్తారు.

శాతాలు ఇలా ఉన్నాయి. జనరల్ పురుషులకు పట్టణంలో 15, గ్రామంలో 25, సొంత వాటా 10 శాతం. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలు, మాజీ సైనికులు, దివ్యాంగులు, ట్రాన్స్‌జెండర్లకు పట్టణంలో 25, గ్రామంలో 35, సొంత వాటా 5 శాతం. పంచాయతీరాజ్ సంస్థల పరిధిలోని ప్రాంతమంతా గ్రామం కిందే లెక్క. తయారీకి 50 లక్షలు, సేవలకు 20 లక్షలు ప్రాజెక్టు గరిష్ఠ పరిమితి. ఇవి 2021–22 నుంచి 2025–26 కాలానికి ఆమోదించిన నిబంధనలు. దరఖాస్తు వేసే రోజున పోర్టల్‌లో ఉన్న మార్గదర్శకాలను ఒకసారి చూసుకోండి.

పీఎంఈజీపీ దరఖాస్తులు ఎందుకు తిరస్కరిస్తారు? మంజూరయ్యాక కూడా సబ్సిడీ వెనక్కి పోయిందని విన్నాం.

అర్హతలోనే ఆగేవి: అప్పటికే నడుస్తున్న యూనిట్‌కు వేయడం, ఈ పథకం కొత్తవాటికే, భార్యాభర్తల్లో ఒకరు ఇదివరకే తీసుకోవడం, తయారీలో 10 లక్షలు, సేవల్లో 5 లక్షలు దాటిన ప్రాజెక్టుకు ఎనిమిదో తరగతి పాసైన కాగితం లేకపోవడం, భూమి ధరను ప్రాజెక్టులో కలపడం, యంత్రం, షెడ్డు లాంటి పెట్టుబడి ఖర్చే లేకుండా అంతా సరుకు కొనుగోలుగా చూపడం. ఆదాయ పరిమితి లేదు, వయసు 18 నిండితే చాలు.

మంజూరయ్యాక పోయేవి మరో రకం. 5 లక్షలు దాటిన ప్రాజెక్టుకు 10 రోజులు, 2 నుంచి 5 లక్షల వాటికి 5 రోజుల వ్యవస్థాపక శిక్షణ పూర్తిచేయాలి. అది చేయకపోతే బ్యాంకు సబ్సిడీ క్లెయిమ్ పంపదు. మూడేళ్లలోపు ఖాతా మొండిబాకీ అయినా, తనిఖీకి వచ్చిన రోజు షెడ్డుకు తాళం కనిపించినా, చెప్పకుండా స్థలం మార్చినా సబ్సిడీ వెనక్కి వెళుతుంది. వర్కింగ్ క్యాపిటల్ తీసుకున్నవారు దాన్ని వాడకుండా ఉంచడమూ తప్పే: మూడేళ్లలో ఒక్కసారైనా పూర్తి పరిమితి దాకా వాడాలి, సగటు వాడకం 75 శాతానికి తగ్గకూడదు. ఈ నిబంధన తెలియక, అప్పు తక్కువ వాడితే మంచిదనుకుని ఇరుక్కునేవారు ఉన్నారు. పథకం పేరున్న బోర్డు గేటు దగ్గర పెట్టండి.

ముద్ర లోనులో సబ్సిడీ ఎంత?

ముద్రలో సబ్సిడీ లేదు. అది హామీ అడగని అప్పు, అంతే. శిశు 50 వేల వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు. తరుణ్ అప్పు తీసుకుని సరిగ్గా తీర్చినవారికి 2024 అక్టోబరు నుంచి తరుణ్ ప్లస్ పేరుతో 20 లక్షల వరకు ఉంది. ముద్రకు ఏజెంట్లు లేరు. 'సబ్సిడీ ముద్ర' ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవాళ్లు మోసగాళ్లే.

8 లక్షల అప్పుకు బ్యాంకు మేనేజరు ఇంటి కాగితాలు అడుగుతున్నారు. ఇవ్వాలా?

అక్కర్లేదు. సూక్ష్మ, చిన్న సంస్థలకు కనీసం 10 లక్షల వరకు బ్యాంకులు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ పైన సీజీటీఎంఎస్ఈ అనే రుణ హామీ ట్రస్టు ఉంది. 2000లో కేంద్రం, చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు సిడ్బీ కలిసి పెట్టిన ఈ ట్రస్టు 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్ల వరకు అప్పులకు బ్యాంకుకు హామీ ఇస్తుంది. దాని వార్షిక ఫీజు సాధారణంగా మీ ఖాతాలోంచే పోతుంది.

మేనేజరుతో వాదన పెట్టుకోకుండా ఇలా వెళ్లండి. దరఖాస్తులోనే 'సీజీటీఎంఎస్ఈ హామీ కింద' అని రాయండి. దరఖాస్తుకు తేదీతో రసీదు అడగండి. 25 లక్షల లోపు అప్పుపై నిర్ణయం 14 పనిదినాల్లో చెప్పాలి. కాదంటే కారణం రాతపూర్వకంగా తీసుకోండి. దాన్ని జతచేసి బ్యాంకు జోనల్ కార్యాలయంలోని నోడల్ అధికారికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, ఆ జవాబు నిబంధనకు విరుద్ధంగా ఉన్నా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. అయితే 'మీ వ్యాపారం లాభసాటిగా లేదు' అన్న బ్యాంకు అంచనాను అంబుడ్స్‌మన్ మార్చరు. తాకట్టు అడగడం నిబంధనల ఉల్లంఘన కనుక అది వింటారు. ఇంకొకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి: ట్రస్టు హామీ బ్యాంకుకు, మీకు కాదు. ట్రస్టు బ్యాంకుకు చెల్లించినా మీ బాకీ మాఫీ కాదు.

రాష్ట్ర ప్రభుత్వ ప్రోత్సాహకాలు నమ్ముకుని లెక్క వేసుకోవచ్చా?

తీసుకోండి, కానీ వాటిని నమ్ముకుని కిస్తుల లెక్క వేయకండి. ఆంధ్రలో 2024–29 కాలానికి ఎంఎస్ఎంఈ విధానం 4.0, తెలంగాణలో 2024 సెప్టెంబరులో విడుదలైన ఎంఎస్ఎంఈ విధానం ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ పారిశ్రామికవేత్తల కోసం తెలంగాణలో టీ ప్రైడ్ ఉంది. పెట్టుబడి, వడ్డీ, కరెంటు చార్జీల మీద రాయితీలు కాగితం మీద బాగుంటాయి. మంజూరు ఉత్తర్వు వచ్చాక బడ్జెట్ విడుదలై సొమ్ము ఖాతాలో పడటానికి మాత్రం ఏళ్లు పట్టిన సందర్భాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. దాన్ని చూసుకుని రెండో యంత్రం కొన్నవాళ్లు కిస్తులు కట్టలేక కుంగిపోయారు. వస్తే అసలు తీర్చడానికి వాడండి. క్లెయిమ్‌కు ప్రాణం లాంటిది వాణిజ్య ఉత్పత్తి మొదలైన తేదీ. మొదటి అమ్మకం బిల్లు, కరెంటు కనెక్షన్ ఉత్తర్వు, యంత్రాల బిల్లులు, బ్యాంకు ద్వారా చెల్లించిన రుజువులు ఆ తేదీతో సరిపోవాలి. విధానంలో రాసిన గడువు దాటితే క్లెయిమ్ తీసుకోరు. నగదుగా కొన్న యంత్రం లెక్కలోకి రాదు.

## ప్రభుత్వానికి అమ్మడం

ప్రభుత్వ శాఖలు మా దగ్గర తప్పకుండా కొనాలా?

కేంద్ర మంత్రిత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనాలి. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీలవి, 3 శాతం మహిళలవి. 358 వస్తువులు పూర్తిగా ఈ సంస్థలకే కేటాయించారు. ఇది ఏడాది మొత్తం మీద లక్ష్యం; ప్రతి టెండరులో మీకు వాటా ఉంటుందని కాదు. మీకు నేరుగా పనికొచ్చేవి వేరే ఉన్నాయి. టెండరు పత్రాలు ఉచితం, ఈఎండీ (టెండరుతో పాటు కట్టే ధరావతు) మినహాయింపు. అతి తక్కువ ధర పెద్ద కంపెనీది అయి, మీ ధర దానికన్నా 15 శాతం లోపే ఎక్కువుంటే, ఆ ధరకు దిగి కనీసం 25 శాతం సరఫరా చేసే అవకాశం ఇవ్వాలి. వ్యాపారులకు, సివిల్ పనుల కాంట్రాక్టులకు ఇది వర్తించదు.

ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో నమోదయ్యాం. ఆరు నెలలైనా ఒక్క ఆర్డరూ రాలేదు.

నమోదు చేసి ఊరుకుంటే రావు. చాలావరకు కొనుగోళ్లు బిడ్ పద్ధతిలో జరుగుతాయి, కాబట్టి మీ వస్తువు వర్గంలో రోజూ బిడ్‌లు చూడాలి. ప్రొఫైల్‌లో ఉద్యమ్ నంబరు ధ్రువీకరణ పూర్తయిందా, ఆ నమోదులో ఈ వస్తువు తయారీ కోడ్ ఉందా చూడండి. లేకపోతే ఈఎండీ మినహాయింపు దగ్గరే బిడ్ కొట్టేస్తారు. అనుభవం, టర్నోవరు షరతుల సడలింపు ప్రతి బిడ్‌కూ దానంతటదే రాదు, కొనే శాఖ ఇవ్వాలి. బిడ్ పత్రంలో ఆ గడి చదవకుండా వేయవద్దు. రవాణా ఖర్చు ధరలోనే కలిసి ఉంటుంది. తెనాలి నుంచి అరుణాచల్‌కు కుర్చీలు పంపే ధర ముందే కట్టుకోవాలి.

## రావలసిన బాకీ

పెద్ద కంపెనీలు 90 రోజులు, 120 రోజులు అంటున్నాయి. 45 రోజుల చట్టం నిజంగా ఉందా?

ఉంది, 2006 నుంచీ. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి (ఎంఎస్ఎంఈడీ) చట్టం 15వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక ఒప్పందం లేకపోతే సరుకు అంగీకరించిన నాటి నుంచి 15 రోజుల్లో చెల్లించాలి. ఒప్పందం ఉంటే అందులో రాసిన గడువు, కానీ అది 45 రోజులు దాటకూడదు. మీరు 120 రోజులకు సంతకం పెట్టినా చట్టం ముందు 45 రోజులే చెల్లుతుంది. సరుకు అందిన 15 రోజుల్లోపు కొన్నవారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అంగీకరించినట్టే లెక్క. ఆరు నెలల తరవాత 'నాణ్యత బాగాలేదు' అనే మాట అందుకే నిలవదు. మీరు మాత్రం డెలివరీ చలానా మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకుని ఉండాలి.

ఆలస్యానికి వడ్డీ ఎంత వస్తుంది?

రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. బ్యాంకు రేటు ఐదున్నర శాతం అనుకుంటే వడ్డీ ఏడాదికి పదహారున్నర శాతం. 2 లక్షల బాకీ గడువు దాటి ఆరు నెలలు ఆగితే వడ్డీ సుమారు 17 వేలు. ఇది మీరు ఒప్పందంలో రాసుకోకపోయినా వర్తిస్తుంది. కట్టిన వడ్డీని కొన్న కంపెనీ తన ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపుకోలేదు.

ఫిర్యాదు ఎలా వేయాలి? కొన్న కంపెనీ ముంబైలో ఉంది.

కొన్నవారు ఎక్కడున్నా మీ యూనిట్ ఉన్నచోటి సూక్ష్మ, చిన్న సంస్థల ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లే హక్కు 18వ సెక్షన్ ఇచ్చింది. ముంబై వెళ్లక్కర్లేదు. ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే: 2017లో సమాధాన్ పోర్టల్ వచ్చింది, 2025 జూన్‌లో ఆన్‌లైన్ వివాద పరిష్కార పోర్టల్ మొదలైంది.

కౌన్సిల్ ముందు రాజీ ప్రయత్నం చేస్తుంది, కుదరకపోతే మధ్యవర్తిత్వంలోకి వెళుతుంది. చట్టంలో గడువు 90 రోజులు. ఆచరణలో ఎక్కువే పడుతుంది, దానికి మనసు సిద్ధం చేసుకోండి. తీర్పు వచ్చాక కొన్నవారు కోర్టుకు వెళ్లాలంటే తీర్పు సొమ్ములో 75 శాతం ముందే డిపాజిట్ చేయాలి. ఈ చట్టం బలమంతా ఆ నిబంధనలోనే ఉంది. కాలయాపన కోసమే కోర్టుకెక్కేవాళ్లు అక్కడ ఆగిపోతారు.

కేసు నిలబడటానికి కావలసిన కాగితాలు: కొనుగోలు ఆర్డరు, ప్రతి ఇన్‌వాయిసు, సంతకమున్న చలానా లేదా లారీ రసీదు, ఈ వే బిల్లు, జీఎస్టీ రిటర్నులో ఆ బిల్లు చూపిన పేజీ, బాకీ ఒప్పుకుంటూ వాళ్లు పంపిన మెయిల్ లేదా ఖాతా నిర్ధారణ, వడ్డీ లెక్క పట్టిక. పాత బిల్లులతో ఆగకండి; మధ్యవర్తిత్వానికి మూడేళ్ల కాలపరిమితి వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2025లో తేల్చింది.

సరుకు ఇచ్చాక ఉద్యమ్ తీసుకున్నాం. పాత బిల్లులకు పనికొస్తుందా?

దాని మీద ఆధారపడవద్దు. ఒప్పందం నాటికి నమోదు లేని సంస్థకు ఈ చట్టం ప్రయోజనం వెనక తేదీ నుంచి రాదని సుప్రీంకోర్టు 2022లో మహాకాళి ఫుడ్స్ కేసులో చెప్పింది. 2025లో మరో ధర్మాసనం భిన్నంగా ఆలోచించి ఈ ప్రశ్నను పెద్ద ధర్మాసనానికి పంపింది. చర్చ ఎటు తిరిగినా మీకు క్షేమమైన దారి ఒకటే: మొదటి ఆర్డరుకు ముందే నమోదు, ప్రతి ఇన్‌వాయిసు మీద ఉద్యమ్ నంబరు, 'సూక్ష్మ సంస్థ, తయారీదారు' అన్న మాట, చెల్లింపు గడువు తేదీ.

కేసు వేస్తే ఆర్డర్లు ఆగిపోతాయి. వేరే దారి లేదా?

ఈ భయం నిజమైనది. చిన్న యూనిట్ ఒకే కంపెనీకి 70 శాతం సరుకు ఇస్తున్నప్పుడు కేసు వేయమని సలహా ఇవ్వడం తేలిక, వేయడం కష్టం. కేసుకు ముందు చేయగలిగినవి మూడున్నాయి.

మొదటిది పన్ను నిబంధన. ఆదాయపు పన్నులో 43బి(హెచ్) పేరుతో అందరికీ తెలిసిన నియమం 2024–25 మదింపు సంవత్సరం నుంచి అమల్లోకి వచ్చింది. సూక్ష్మ, చిన్న సంస్థకు గడువులోపు చెల్లించని సొమ్మును, మార్చి 31కి కూడా బాకీ ఉంటే, కొన్నవారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేరు. చెల్లించిన ఏడాదే చూపుకోవాలి. అందుకే ఫిబ్రవరి మొదటి వారంలో వాళ్ల అకౌంట్స్ విభాగానికి మీ ఉద్యమ్ సర్టిఫికెట్, బిల్లుల జాబితా, ఒక్కో బిల్లు గడువు తేదీ జతచేసి మర్యాదగా ఒక ఉత్తరం పంపండి. కొనుగోలు మేనేజరుకు కాదు, అకౌంట్స్‌కు. పన్ను బాధ వాళ్లది. ఈ ఒక్క ఉత్తరానికే కదిలే బాకీలు చాలా ఉన్నాయి.

రెండోది, కంపెనీలు సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులు దాటిన బాకీల వివరాలు ఏడాదికి రెండుసార్లు, అక్టోబరు 31, ఏప్రిల్ 30 లోపు కంపెనీల రిజిస్ట్రారుకు ఇవ్వాలి. మీ పేరు అందులో ఉందా అని అడగడం ఫిర్యాదు కిందికి రాదు.

మూడోది ట్రెడ్స్. ఆర్ఎక్స్ఐఎల్, ఎం1 ఎక్స్ఛేంజ్, ఇన్‌వాయిస్‌మార్ట్ లాంటి వేదికల మీద మీ బిల్లును కొన్న కంపెనీ ఆమోదిస్తే, బ్యాంకులు పోటీపడి డిస్కౌంట్ చేసి డబ్బు ఇస్తాయి. గడువుకు కంపెనీ చెల్లించకపోతే బ్యాంకు మీ మీదికి రాదు. 250 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలన్నీ ఇందులో చేరాలి. చేరడం తప్పనిసరి, మీ బిల్లును ఆమోదించడం మాత్రం వాళ్ల చేతిలో ఉంది. కాబట్టి కొత్త ఆర్డరు మాట్లాడేటప్పుడే 'బిల్లులు ట్రెడ్స్‌లో ఆమోదించాలి' అని రాయించుకోండి. ధర మీద బేరం ఆడే శక్తి మీకు ఉండేది ఆ ఒక్క రోజే.

కొన్న కంపెనీ మమ్మల్ని ఉద్యమ్ రద్దు చేసుకోమంటోంది.

చేయకండి. పన్ను నిబంధన వచ్చాక ఇలా అడగడం పెరిగింది. రద్దు చేస్తే 45 రోజుల హక్కు, వడ్డీ, కౌన్సిల్, తాకట్టు లేని అప్పు అన్నీ ఒకేసారి పోతాయి. వాళ్లు 45 రోజుల్లో చెల్లిస్తే వాళ్లకు నష్టమేమీ లేదని చెప్పండి. ట్రెడ్స్ దారి చూపండి.

## చిక్కుల్లో పడినప్పుడు

ఈ నెల కిస్తు కట్టలేను. బ్యాంకుకు చెప్పాలా, ఊరుకోవాలా?

చెప్పండి, అదీ రాతలో, 90 రోజులు దాటకముందే. కిస్తు 30 రోజులు ఆలస్యమైతే ఒక దశ, 60కి రెండోది, 90కి మూడోది. ఆ తరవాత ఖాతా మొండిబాకీ. 25 కోట్ల వరకు అప్పున్న ఎంఎస్ఎంఈల కోసం పునరుద్ధరణ విధానం 2015లో నోటిఫై అయింది, 2016లో రిజర్వు బ్యాంకు దాన్ని బ్యాంకులకు ఇచ్చింది. దాని కింద బ్యాంకు కమిటీ కిస్తులు సవరించడం, కొంత అదనపు అప్పు, లేదా పునర్‌వ్యవస్థీకరణ పరిశీలించాలి. ఈ విధానం బ్యాంకులు పాటించి తీరాలని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో ప్రో నిట్స్ కేసులో చెప్పింది. అదే తీర్పులో, ఖాతా మొండిబాకీ కాకముందే తాను ఎంఎస్ఎంఈనని రుజువులతో ముందుకు రావడం సంస్థ బాధ్యత అని కూడా చెప్పింది. వేలం నోటీసు వచ్చాక ఉద్యమ్ సర్టిఫికెట్ చూపితే ఆలస్యమైపోతుంది. ఉత్తరంలో ఇవి ఉండాలి: ఎందుకు ఆగింది, ఎవరి దగ్గర ఎంత రావాలి, ఎన్ని నెలల్లో మామూలు స్థితికి వస్తారు, ఏం కోరుతున్నారు. రసీదు తీసుకోండి.

తెలంగాణలో ఇబ్బందుల్లో ఉన్న యూనిట్ల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టించిన ఇండస్ట్రియల్ హెల్త్ క్లినిక్ ఉంది. బ్యాంకుతో మాట్లాడేటప్పుడు దాని సాయం అడగవచ్చు.

వ్యాపారం మూసేయాలనుకుంటున్నాం. ఏం చేయాలి?

ముందు రావలసిన బాకీలకు ఫిర్యాదులు వేయండి, తరవాతే నమోదులు రద్దు చేసుకోండి. జీఎస్టీ రద్దయ్యాక మూడు నెలల్లోపు ఆఖరి రిటర్ను జీఎస్టీఆర్ 10 వేయాలి. మిగిలిన సరుకు, యంత్రాల మీద తీసుకున్న క్రెడిట్ తిరిగి కట్టాలి. ఇది వేయకపోతే ఆలస్య రుసుము పడుతుంది, కొత్త వ్యాపారం పెట్టినప్పుడు అది అడ్డొస్తుంది. వాణిజ్య కరెంటు కనెక్షన్ రద్దు చేయించి డిపాజిట్టు వెనక్కి తీసుకోండి. కాలుష్య మండలికి, ఫ్యాక్టరీల శాఖకు రాతలో తెలపండి. పీఎంఈజీపీ యూనిట్ మూడేళ్లలోపు అయితే మూసే ముందు బ్యాంకుతోనూ నోడల్ సంస్థతోనూ మాట్లాడండి. యూనిట్‌ను అదే పనిలో కొనసాగించే దారి ఏదైనా ఉందేమో చూడకుండా తాళం వేస్తే సబ్సిడీ మొత్తం పోయి అప్పు పూర్తిగా మీ మీద పడుతుంది. బిల్లులు, చలానాలు, రిటర్నులు కనీసం ఎనిమిదేళ్లు దాచి ఉంచండి.